రెండు నల్లాల ఇల్లు

2015 జూన్ 8న చౌటుప్పల్‌లో తెలంగాణ తాగునీటి పథకం పైలాన్‌ను ఆవిష్కరించేనాటికి ఆ ఊరు నల్లగొండ జిల్లాలో ఉండేది. తరువాత మిషన్ భగీరథగా పేరుపొందిన ఆ పథకంలో నీటి గొట్టాల కోసం తవ్వే కందకాల్లోనే ఆప్టికల్ ఫైబర్ తీగ దూర్చడానికి వీలుగా ప్లాస్టిక్ పైపును కూడా పరచాలని ప్రభుత్వం తలపెట్టడంతో, కృష్ణా నీరూ ఇంటర్నెట్టూ ఒకే కందకం వెంట పల్లెలకు చేరే ఏర్పాటు మొదలైంది. టీ-ఫైబర్ అనే ఆ వ్యవస్థ నుంచి ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే ప్రయోగాన్ని 2024 డిసెంబరు 8న నాలుగు గ్రామాల్లో ప్రారంభించగా, వాటిలో షాద్‌నగర్ దగ్గరి హాజీపల్లి, నారాయణపేట జిల్లాలోని మద్దూరు రెండూ పాత పాలమూరు జిల్లాకు చెందినవే.

తీగ ఇంటిదాకా వచ్చినా, ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నా, కొన్ని పేజీలు తెరుచుకోకపోవడం మాత్రం ఈ ప్రాంతంలో అందరికీ అనుభవమే. మెసేజి పోతుంది కానీ ఫోటో పోదు. ఒక యాప్ చకచకా నడుస్తూ ఉంటే పక్కనున్న మరొక యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. వైఫై తీసేసి మొబైల్ డేటా పెట్టగానే అంతవరకూ మొండికేసిన పేజీ ఠక్కున వస్తుంది. ‘నెట్ స్లో ఉంది’ అనే ఒక్క మాటతో జనం వీటన్నిటినీ కలిపి చెప్పుకుంటారు గానీ, వీటిలో కొన్నింటికి వేగంతో సంబంధమే లేదు. ఇంటర్నెట్ తన చిరునామాల పద్ధతిని పాతదాని నుంచి కొత్తదానికి మార్చుకుంటున్న ఈ సుదీర్ఘమైన నడిమికాలంలో, దారి ఉన్నదని చెప్పే సమాచారానికీ ఆ దారి నిజంగా నడవడానికీ మధ్య ఏర్పడే తేడాయే వాటికి కారణం.

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య చిరునామాగా ఉంటుంది, ఆ చిరునామాను ఎలా రాయాలో, దాన్ని చూసి సమాచారపు పొట్లాలను ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి ఎలా అందించాలో చెప్పే నియమావళిని ఇంటర్నెట్ ప్రోటోకాల్ అంటారు. 1981 సెప్టెంబరులో ఖరారైన దాని నాలుగో రూపం, అంటే ఐపీవీ4, చిరునామాకు 32 బిట్లు కేటాయించింది. బిట్ అంటే సున్నా లేదా ఒకటి పట్టే ఒక్క గడి కాబట్టి, ఆ 32 గడుల్లో మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలే పడతాయి. విశ్వవిద్యాలయాల మధ్య కొద్దిపాటి కంప్యూటర్లు కలిసివున్న ఆ రోజుల్లో అది తరగని గాదెలా కనిపించింది. ముందు వచ్చిన దేశాలు, సంస్థలు పెద్ద పెద్ద భాగాలు తీసుకోగా, ప్రపంచ స్థాయి నిల్వలోని చివరి భాగాలను 2011 ఫిబ్రవరి 3న ఖండాలవారీ సంస్థలకు పంచేశారు. ఆసియా పసిఫిక్ ప్రాంతపు సంస్థ అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి తన ఆఖరి భాగానికి చేరుకుని, అడిగినవారికి చిటికెడు చొప్పున కొలిచి ఇవ్వడం మొదలుపెట్టింది. నూట నలభై కోట్ల మంది ఉన్న భారతదేశం వాటాకు వచ్చిన పాత చిరునామాలు నాలుగు కోట్లకు అటూఇటూ మాత్రమే. అమెరికా చేతిలో ఉన్నవి 150 కోట్లకు పైమాటే. పల్లెల్లో స్మార్ట్‌ఫోన్లు ఇంటింటికీ చేరిన కాలానికి ఈ దేశానికి పంచుకోవడానికి మిగిలింది అంత తక్కువ.

ఈ కొరతను ముందే ఊహించి 1998 డిసెంబరులో ప్రకటించిన ఆరో రూపం, ఐపీవీ6, చిరునామాకు 128 బిట్లు ఇచ్చింది. 34 పక్కన 37 సున్నాలు పెడితే దాదాపుగా దాని మొత్తం తెలుస్తుంది. చిక్కు ఏమిటంటే, పాత చిరునామా ఒక్కటే తెలిసిన యంత్రం కొత్త చిరునామా ఒక్కటే ఉన్న యంత్రంతో నేరుగా మాట్లాడలేదు, ఎందుకంటే పొట్లం మీద చిరునామా రాసే చోటే వేరు, దాని కొలతే వేరు. 2016 అక్టోబరు 11న పది జిల్లాల తెలంగాణ ఒక్కరోజులో ముప్పై ఒకటిగా మారినప్పుడు చౌటుప్పల్ యాదాద్రి భువనగిరి జిల్లాలోకి, వనపర్తి తన పేరుతోనే ఏర్పడిన జిల్లాలోకి వెళ్లాయి; అయినా పాత జిల్లా పేరు రాసిన ఉత్తరాన్ని కూడా పిన్‌కోడ్ చూసి పోస్టుమ్యాన్ చేర్చగలిగాడు. ఇంటర్నెట్‌కు అటువంటి వెసులుబాటు లేదు. 1983 జనవరి 1న దాని పూర్వరూపమైన ఆర్పానెట్ అంతకుముందున్న నియమావళిని వదిలి ఐపీవీ4కు ఒక్క రోజున మారగలిగిందంటే అప్పుడు దానిలో ఉన్నవి కొన్ని వందల యంత్రాలే కావడం వల్ల. ఇప్పుడు వేల కోట్లలో ఉన్న యంత్రాలను ఒకే ఉదయాన మార్చడం ఎవరి తరమూ కాదు కనుక, రెండు పద్ధతులూ ఏళ్ల తరబడి పక్కపక్కనే నడవక తప్పదు.

ఈ పక్కపక్క నడకను అర్థం చేసుకోవడానికి నల్లగొండ పల్లెల ఇళ్లను మించిన ఉపమానం దొరకదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీటి బోర్లతో తరతరాలుగా బాధపడిన ఊళ్లలో భగీరథ నల్లా వచ్చిన తరువాత కూడా చాలా ఇళ్లు బోరును పూడ్చివేయలేదు. ఒకే వాకిట్లో కృష్ణా నీటి నల్లా, బోరు నల్లా రెండూ ఉంటాయి, ముందు కృష్ణా నల్లా తిప్పి చూడడం, రాకపోతే బోరు మోటరు వేయడం ఇంటివారికి అలవాటైన పని. కంప్యూటర్లలో దీన్నే డ్యూయల్ స్టాక్ అంటారు, అంటే ఒకే యంత్రానికి పాత చిరునామా, కొత్త చిరునామా రెండూ ఉండి, అవతలివైపు కొత్తది ఉంటే దానికే ముందు ప్రాధాన్యం ఇచ్చి, లేకపోతే పాతదానితో పని గడుపుకోవడం. అవతలివైపు ఏది ఉందో తెలిసేది డీఎన్ఎస్ ద్వారా. వెబ్‌సైటు పేరు చెబితే దాని సంఖ్యా చిరునామాను తిరిగిచ్చే ఈ చిరునామా పుస్తకంలో పాత చిరునామా ‘ఏ’ అనే గుర్తుతోనూ, దానికి నాలుగు రెట్లు పొడవున్న కొత్త చిరునామా నాలుగు ‘ఏ’ల గుర్తుతోనూ నమోదై ఉంటాయి.

నల్లా తిప్పిన వెంటనే నీళ్లు రావడం లేదని కంటికి కనిపిస్తుంది. యంత్రానికి ఆ సౌకర్యం లేదు. అది అవతలి సర్వర్‌కు ‘ఉన్నావా’ అని అడిగే చిన్న పొట్లం పంపి, జవాబు కోసం ఎదురుచూస్తుంది. దారిలో ఎవరైనా ‘ఇటు దారి లేదు’ అని కబురు పంపితే వెంటనే పాత దారి పట్టవచ్చు. ఏ కబురూ రాకపోతే పొట్లం దారిలో పోయిందో, ఆలస్యమైందో దానికి తెలియదు. ఒకప్పటి విండోస్ యంత్రాలు మొదటి పిలుపు తరువాత 3 సెకన్లు, రెండోదాని తరువాత 6, మూడోదాని తరువాత 12 సెకన్లు ఆగి, మొత్తం 21 సెకన్లు గడిచాకే కొత్త దారి మీద ఆశ వదులుకునేవి. ఆపిల్ కంప్యూటర్లలో ఈ నిరీక్షణ 75 సెకన్ల దాకా సాగేది. ఒక్కో పేజీలో బొమ్మలు, అక్షరాలు, లెక్కలు పదుల చోట్ల నుంచి వస్తాయి కనుక ప్రతిదానికీ ఇంతసేపు ఆగితే ఆ పేజీ చచ్చినట్టే. కొత్త దారి పూర్తిగా లేకపోవడం కంటే, ఉన్నట్టు చెప్పి మౌనంగా ఉండిపోవడం ఎక్కువ హాని చేస్తుందన్న సంగతి ఈ మార్పిడిలో ఇంజినీర్లు మొట్టమొదట నేర్చుకున్న పాఠం. తరువాత వచ్చిన మందులన్నీ ఈ మౌనాన్ని ఎలా పట్టుకోవాలన్నదాని చుట్టూనే తిరిగాయి.

ఆ భయం ఎంతదో కొలవడానికి 2011 జూన్ 8న గూగుల్, ఫేస్‌బుక్, యాహూ వంటి పెద్ద సంస్థలు కలిసి ఒక్క రోజుపాటు తమ సైట్లకు కొత్త చిరునామాలు కూడా ప్రకటించాయి. రెండు వేల మందిలో ఒకరికి, అంటే 0.05 శాతం మందికి ఇబ్బంది కలగవచ్చని ముందే అంచనా వేసిన ఆ ప్రయోగం పెద్ద గొడవ లేకుండా గడిచిపోవడంతో, మరుసటి ఏడాది జూన్ 6 నుంచి వాటిని శాశ్వతంగా ఉంచేశాయి. ఆ నడుమనే, 2012 ఏప్రిల్‌లో, డాన్ వింగ్, ఆండ్రూ యోర్చెంకో రాసిన ‘హ్యాపీ ఐబాల్స్’ అనే పద్ధతి ప్రమాణంగా వెలువడింది. పేజీ చూసే కళ్లు సంతోషంగా ఉండాలన్న ఉద్దేశంతో పెట్టిన ఆ పేరు వెనుక ఉన్న ఉపాయం, ఇంటి ఇల్లాలు ఎన్నడో కనిపెట్టినదే: కృష్ణా నల్లా కింద బిందె పెట్టి, కాసేపు చూసి, చప్పుడు రాకపోతే ఆ బిందెను తీయకుండానే బోరు నల్లా కింద ఇంకొక బిందె పెట్టి, ఏది ముందు నిండితే ఆ నీళ్లు వాడుకోవడం. 2017 డిసెంబరులో సవరించిన రూపం ప్రకారం బ్రౌజరు కొత్త దారిలో పిలుపు పంపిన తరువాత సుమారు 250 మిల్లీసెకన్లు, అంటే సెకనులో పావు భాగం ఆగి, జవాబు రాకపోతే పాత దారిలోనూ పిలుస్తుంది. ముందు పలికినదాంతో పని సాగిస్తుంది. 21 సెకన్ల నిరీక్షణ కనురెప్ప వేసినంత సేపటికి తగ్గిపోయింది. నేటి ఫోన్లలో, బ్రౌజర్లలో ఈ ఉపాయం దాదాపు అంతటా ఉంది.

అయితే అది పరీక్షించేది మొదటి పలకరింపునే. పలకరింపు పొట్లం చిన్నది. అసలు సరుకు మోసే పెద్ద పొట్లాలు వచ్చేసరికి దారి ఇరుకైతే ఏమవుతుందో ఈ పద్ధతి చూడదు, ఇంట్లో వైఫై మీద కనిపించే మొండి జబ్బుల్లో ఒకటి సరిగ్గా ఇక్కడే పుడుతుంది.

నెట్‌వర్క్ తీగ మీద ఒక పొట్లం గరిష్ఠంగా 1500 బైట్ల బరువు మోయవచ్చు. బైట్ అంటే ఎనిమిది బిట్ల కట్ట. ఈ గరిష్ఠ పరిమాణాన్ని ఎంటీయూ అంటారు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో వినియోగదారుడి పేరు, పాస్‌వర్డ్ అడిగి లోపలికి అనుమతించే పీపీపీఓఈ అనే పద్ధతి ప్రతి పొట్లానికీ 8 బైట్ల పైతొడుగు వేస్తుంది కనుక అసలు సరుకుకు 1492 బైట్లే మిగులుతాయి. ఎనిమిది బైట్లే కదా అనిపిస్తుంది. కోతలప్పుడు మిర్యాలగూడ చుట్టుపక్కల రోడ్ల మీద వరిగడ్డి ఎత్తుగా పేర్చుకుని పోయే ట్రాక్టరు రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర జానెడు ఎత్తు ఎక్కువైనా అక్కడే ఆగిపోతుంది. జానెడే కదా అని వంతెన పైకి లేవదు. పాత పద్ధతిలో వంతెన దగ్గరున్న రౌటరుకు, అంటే దారులు కలిసేచోట పొట్లాలను మళ్లించే యంత్రానికి, గడ్డిని రెండు బళ్లుగా విడగొట్టి పంపే అనుమతి ఉండేది. కొత్త పద్ధతిలో ఆ అనుమతి తీసేశారు, ఎందుకంటే దారి పొడవునా విడగొట్టే పని రౌటర్లకు భారం. అందుకు బదులుగా ‘పొట్లం మరీ పెద్దది, ఇక్కడ ఇంతే పడుతుంది’ అన్న కబురును రౌటరు పంపిన చోటికే తిప్పి పంపాలని, అది అందుకున్న సర్వరు చిన్న పొట్లాలు కట్టి మళ్లీ పంపాలని నియమం పెట్టారు. ఎంత ఇరుకు దారి అయినా కనీసం 1280 బైట్లు పట్టాలన్నది దానికి జోడించిన హామీ.

ఏర్పాటు చక్కనిదే గానీ, ఆ కబురు మోసుకొచ్చే ఐసీఎంపీ అనే పొట్లాలను అనుమానించి ఆపేయడం చాలా కార్యాలయాల భద్రతా గోడలకు, అంటే ఫైర్‌వాల్స్‌కు, పాతకాలం నుంచి ఉన్న అలవాటు. దాడులు చేసేవారు దారులు వెతకడానికి వాటిని వాడుకుంటారన్నది అప్పటి భయం. పాత పద్ధతిలో ఆ అలవాటు చాలాసార్లు చెల్లిపోయింది. కొత్త పద్ధతిలో అది పీక నొక్కడమే. సర్వరు పంపిన 1500 బైట్ల పొట్లం ఇంటి దారిలోని ఇరుకు దగ్గర పడిపోతుంది, పడిపోయిందన్న కబురు సర్వరు వాకిట్లోని గోడ దగ్గర పడిపోతుంది, సర్వరు అదే పెద్ద పొట్లాన్ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. పలకరింపు సరిగా జరిగింది కనుక బ్రౌజరు పాత దారికి మళ్లదు. ఫలితంగా పేజీ పేరు పైన కనిపించి కింద తెల్లగా ఉండిపోతుంది. పొట్టి మెసేజి వెళ్లి ఫోటో ఆగిపోతుంది. పొట్లాలు ఆనవాలు లేకుండా మాయమవుతాయి కనుక ఇంజినీర్లు దీనికి కృష్ణబిలం అని పేరు పెట్టారు. కొత్త పద్ధతిలో ఏ ఐసీఎంపీ కబుర్లను ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదో 2007లోనే ఒక సూచనపత్రం స్పష్టంగా చెప్పింది, అందులో ‘పొట్లం మరీ పెద్దది’ అన్న కబురు ముందు వరసలో ఉంది.

గోడలు కట్టినవారందరూ సరిదిద్దుకునేదాకా ఆగకుండా ఇంటి రౌటరులోనే చేయగల మరమ్మతు ఒకటి ఉంది. పలకరింపు జరిగేటప్పుడు ఇరువైపులా ‘నేను ఇంత సరుకు తీసుకోగలను’ అని ఒక అంకె చెప్పుకుంటాయి; దారి మధ్యలోని రౌటరు ఆ అంకెను తన ఇరుకుకు తగినట్టు తగ్గించి రాయగలదు, దీన్నే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అంటారు. 1492 నుంచి కొత్త చిరునామా పట్టీకి 40 బైట్లు, సరుకు లెక్క చూసే టీసీపీ పట్టీకి 20 బైట్లు తీసేస్తే మిగిలే 1432 రాయవలసిన అంకె. పాత పద్ధతిలో చిరునామా పట్టీ 20 బైట్లే కనుక అక్కడ 1452 అవుతుంది. ఈ తగ్గింపును పాత పద్ధతికి మాత్రమే పెట్టి కొత్తదానికి మరిచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. రౌటరు సెట్టింగ్స్‌లో ఈ రెండు పద్ధతుల గడుల్లోనూ అంకె సరిగా పడితే నెలల తరబడి ‘స్లో’ అనిపించుకున్న కనెక్షన్ ఆ పూటకే బాగుపడుతుంది.

మొబైల్ ఫోన్ల కథ వేరే దారిలో నడిచింది. 2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో 4జీ సేవ మొదలై కోట్ల కొద్దీ కొత్త ఫోన్లు ఒక్కసారిగా వచ్చి చేరినప్పుడు, అన్నిటికీ పాత చిరునామాలు ఇవ్వడం జరిగే పని కాదు కనుక ఆ సంస్థ మొదటినుంచీ కొత్త చిరునామాలను విరివిగా ఇచ్చింది. ఫోన్‌లో 2409తో మొదలయ్యే పొడవాటి చిరునామా కనిపిస్తే అది చాలామటుకు ఆ కుదుర్లోదే. కేంద్ర టెలికాం శాఖ 2010 జూలైలో, మళ్లీ 2013 మార్చిలో మార్పిడి ప్రణాళికలు ప్రకటించి పెట్టిన గడువులు అనేకసార్లు దాటిపోయినా, మొబైల్ వాడకం వల్లనే భారతదేశం ఇవాళ కొత్త పద్ధతిని అత్యధికంగా వాడే దేశాల్లో ఒకటి. కొలతలు 70 శాతం చుట్టూ, అంతకు పైనా ఉంటున్నాయి.

కొత్త చిరునామా ఒక్కటే ఇచ్చే మొబైల్ నెట్‌వర్కుల్లో పాత సైట్లకు చేరడానికి దుబాసీ కావాలి. పాత చిరునామా మాత్రమే ఉన్న సైటుకు డీఎన్ఎస్ ఒక కృత్రిమమైన కొత్త చిరునామాను అల్లి ఇవ్వడం, ఆ చిరునామాకు వచ్చిన పొట్లాలను నాట్64 అనే అనువాద యంత్రం పాత రూపంలోకి మార్చి పంపడం 2011లో ప్రమాణాలుగా వచ్చాయి. పేరు అడగకుండా పాత సంఖ్యనే తమలో రాసిపెట్టుకున్న యాప్‌లు దీనితో పనిచేయలేదు, ఎందుకంటే అవి డీఎన్ఎస్ గడప తొక్కవు. వాటి కోసం 2013లో వచ్చిన 464ఎక్స్‌లాట్ పద్ధతి ఫోన్ లోపలే మరొక చిన్న దుబాసీని కూర్చోబెట్టింది. అటువంటి నెట్‌వర్కులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో చిరునామా చూస్తే పొడవాటి కొత్త చిరునామా పక్కన 192.0.0.4 అని కనిపిస్తుంది. దేవరకొండలోని ఫోన్‌లోనూ వనపర్తిలోని ఫోన్‌లోనూ అదే అంకె ఉంటుంది, ఎందుకంటే అది ఆ ఫోన్ గడప దాటి బయటికి వెళ్లని, పాత యాప్‌ల తృప్తి కోసం లోపల పెట్టిన చిరునామా. దాన్ని చూసి తమ ఫోన్ చిరునామాను ఇంకెవరో వాడుతున్నారని కంగారుపడవలసిన పని లేదు. ఆపిల్ 2016 జూన్ నుంచి, కొత్త పద్ధతి మాత్రమే ఉన్న నెట్‌వర్కులో పనిచేయని యాప్‌లను తన అంగడిలోకి రానివ్వనని చెప్పడం ఈ విషయంలో చాలా ఉపకారం చేసింది.

ఇంటి కనెక్షన్లలో పాత చిరునామా ఇప్పటికీ ఉన్నా అది చాలాచోట్ల సొంతది కాదు. క్యారియర్ గ్రేడ్ నాట్ అనే ఏర్పాటు కింద ఒక్క బయటి చిరునామా వెనుక వందలాది ఇళ్లను దాచి ఉంచుతారు. రౌటరులో కనిపించే చిరునామా 100.64 నుంచి 100.127 దాకా గల అంకెలతో మొదలైతే ఆ ఇల్లు ఇటువంటి ఉమ్మడి గొడుగు కింద ఉన్నట్టు లెక్క. పొలం దగ్గరో దుకాణంలోనో పెట్టిన సీసీ కెమెరాను ముంబయికి, పుణేకు వలసపోయిన పాలమూరు మనిషి తన ఫోన్‌లో నేరుగా చూడాలంటే ఈ గొడుగు అడ్డుపడుతుంది, బయటినుంచి వచ్చిన పిలుపు ఆ వందల ఇళ్లలో ఏ ఇంటిదో తెలియదు కనుక. కొత్త చిరునామా ప్రతి కెమెరాకూ సొంతంగా దొరుకుతుంది. రౌటరులోని భద్రతా గోడలో ఆ ఒక్క కెమెరాకే తలుపు తీస్తే సరిపోతుంది, మిగతా ఇల్లంతా మూసే ఉంటుంది.

ఇన్ని మరమ్మతులు ఉన్నప్పటికీ, ఏ చిక్కు వచ్చినా ‘ఐపీవీ6 ఆపేయండి’ అన్న సలహా ఇచ్చే మెకానిక్కులు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. ఆపేస్తే ఆ పూటకు పేజీ రావడం నిజమే. కానీ ఒక్కచోట కీలు కారుతోందని కృష్ణా నల్లాకు బిరడా కొట్టి మళ్లీ ఫ్లోరైడ్ బోరుకే తిరిగిపోవడం లాంటిది అది; ఆ ఇల్లు శాశ్వతంగా ఉమ్మడి గొడుగు కిందే ఉండిపోతుంది, లోపం సరిదిద్దవలసినవారికి ఎన్నటికీ తెలియదు. పరీక్ష కోసం పది నిమిషాలు ఆపి చూడడం మంచి పనే. ఆపినప్పుడు వచ్చి, పెట్టినప్పుడు రాని పేజీ ఏదో, అది పలకరింపు దగ్గర ఆగిందా సరుకు దగ్గర ఆగిందా చూసి కనెక్షన్ ఇచ్చినవారికి చెబితే సగం రోగనిర్ధారణ జరిగిపోయినట్టే. పింగ్ అనే చిన్న సాధనంతో కొత్త దారిలో ముందు 1280 బైట్ల పొట్లం, తరువాత 1500 బైట్ల పొట్లం పంపి చూస్తే, మొదటిది చేరి రెండోది మౌనంగా మాయమైతే ఇరుకు దగ్గర కబురు అందడం లేదని రూఢి అవుతుంది.

సేవలు అందించేవారి వైపు చిక్కు ఇంకా లోతైనది. ఒక సైటుకు నాలుగు ‘ఏ’ల నమోదు చేర్చి, సర్వరును మాత్రం కొత్త చిరునామా మీద వినడానికి సిద్ధం చేయకపోవడం, లేదా ఏడాది తరువాత సర్వరు మార్చి ఆ నమోదును అలాగే వదిలేయడం సాధారణంగా జరిగే తప్పు. హైదరాబాద్‌లోని కార్యాలయంలో పాత చిరునామా మీద కూర్చున్న ఉద్యోగి తెరచి చూస్తే సైటు నిక్షేపంగా ఉంటుంది. హ్యాపీ ఐబాల్స్ ఉన్న ఫోన్లు కూడా నిశ్శబ్దంగా పాత దారికి మళ్లి లోపాన్ని కప్పేస్తాయి; ఆ ఉపాయం చేసిన మేలులోనే ఈ కీడూ దాగి ఉంది. ఆ ఉపాయం లేని పాత యాప్ ఉన్న మనిషికి, అమ్రాబాద్ అడవి అంచున ఒకే టవరు సన్నని సిగ్నల్ మీద ఆధారపడే చెంచు పెంట నుంచి దరఖాస్తు పెట్టాలనుకున్న మనిషికి మాత్రం అది దాగదు. కాబట్టి సైటు నడుస్తోందో లేదో చూసే కాపలా పరీక్ష పాత దారిలో ఒకటి, కొత్త దారిలో ఒకటి విడివిడిగా ఉండాలి, కొత్త దారి పరీక్షలో పెద్ద పొట్లం కూడా ఉండాలి.

మార్పిడి తొలిరోజుల్లో పాత నెట్‌వర్కు కడుపులోంచి కొత్త పొట్లాలను సొరంగాల్లా దాటించే 6టు4 వంటి పద్ధతులు వచ్చాయి. ఏ సొరంగం ఎవరి పొలంలో తేలుతుందో తెలియని ఆ ఏర్పాటు తెగిన దారులను తగ్గించడానికి బదులు పెంచడంతో 2015లో దాని ఉమ్మడి ద్వారాలను వదిలేయమని ప్రమాణాలే చెప్పాయి. ఇప్పుడు నడుస్తున్న ఆలోచన అందుకు తలకిందులు. 2020 అక్టోబరులో వచ్చిన ఒక ప్రమాణం ప్రకారం, వైఫైలో చేరిన పరికరం ‘పాత చిరునామా లేకుండా గడుపుకోగలను’ అని రౌటరుకు చెప్పవచ్చు. గడుపుకోగలనన్న కొత్త ఫోన్‌కు రౌటరు పాత చిరునామా ఇవ్వదు, ఆ మాట చెప్పడం తెలియని పాత కెమెరాకో ప్రింటరుకో ఎప్పటిలాగే ఇస్తుంది. భగీరథ కందకం వెంట తీగ చేరిన ఊరి పంచాయతీ ఆఫీసులో పదేళ్ల నాటి ప్రింటరూ నిన్న కొన్న ఫోనూ ఒకే రౌటరు కింద ఉన్నప్పుడు, పాత చిరునామా ఒక్క ప్రింటరుకు పోతుంది, ఫోన్ కొత్త దారి మీదే ఉంటుంది; ఆ ప్రింటరు పాడై మూలపడిన రోజున ఆ గదిలో పాత చిరునామా అడిగేది ఏదీ మిగలదు.